ముప్పు మొదటి పేజీలో, ముప్పు తప్పింది తొమ్మిదో పేజీలో

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

రాజకీయ వార్తల మీద నాకు కంప్లైంట్ ఏమీ లేదు, ఎవరి పార్టీ వాళ్ళది, ఎవరి బీపీ వాళ్ళది. నా గొడవంతా ఆకాశం గురించి. పైన ఏదన్నా కొత్తది బయటపడితే మీ పేపర్ మొదటి సగం కథ బ్రహ్మాండంగా వేస్తుంది, రంగుల బొమ్మతో, భూమి పక్కన మంటలు కక్కుకుంటూ వస్తున్న బండరాయితో, పైన "దూసుకొస్తున్న ముప్పు" అని బొటనవేలంత అక్షరాలతో. రెండో సగం మాత్రం వెయ్యరు, వేసినా లోపల వర్ధంతి ప్రకటనల పక్కన నాలుగు లైన్లు, అదీ యాడ్ రాని రోజున. అందుకని ఈమధ్య వచ్చిన వాటిల్లో కొన్నింటికి రెండో సగం నేనే రాసి పంపిస్తున్నా. వేస్తే వెయ్యండి లేకపోతే లేదు, కానీ చెప్పొద్దూ, ఆ రెండో సగంలోనే ఎక్కువ నవ్వొస్తుంది.

2025 ఫిబ్రవరి గుర్తుందా? 2024 వైఆర్4 అని ఒక గ్రహశకలం. చిలీలో ఉన్న అట్లాస్ టెలిస్కోప్ దీన్ని 2024 డిసెంబర్ 27న పట్టుకుంది, అప్పటికే అది మన పక్కనుంచి వెళ్ళిపోయి రెండు రోజులైంది, అది వేరే సంగతి. మళ్ళీ 2032 డిసెంబర్ 22న వస్తుంది, అప్పుడు భూమిని గుద్దే అవకాశం ఒక శాతం దాటింది అన్నారు జనవరి ఆఖర్లో, తర్వాత రెండు అన్నారు, ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతం అన్నారు, ఆ సైజు రాయికి అంత శాతం లెక్కలు మొదలెట్టిన దగ్గర్నుంచీ ఎప్పుడూ రాలేదు. గుద్దితే ఎక్కడెక్కడ పడొచ్చు అని గీసిన గీత పసిఫిక్ దగ్గర మొదలై ఆఫ్రికా మీదుగా అరేబియా సముద్రం దాటి దక్షిణాసియా దాకా వచ్చింది. ఇంకేముంది, మా ఫ్యామిలీ గ్రూప్ హోరెత్తిపోయింది. మా బావగారు "2033లో మెచ్యూర్ అయ్యే పాలసీ ఒకటుంది, ప్రీమియం కట్టమంటారా ఆపేయమంటారా" అని సీరియస్‌గా అడిగారు. మా మేనత్త ఆ రోజు ఏ వారమో చెప్పమంది. బుధవారం అని చెప్పాను. బుధవారమైతే ఏం కాదులే అంది. నాసా కంటే ముందు క్లియరెన్స్ ఇచ్చింది ఆవిడే.

ఇక్కడ మీరు చెప్పాల్సిన విషయం ఒకటి చెప్పలేదు. శాతం రోజురోజుకీ పెరుగుతుంటే జనం ఏమనుకుంటారు, రాయి మనవైపు తిరుగుతోంది అనుకుంటారు. రాయి తిరగలేదు, దాని దారి అదే, మన లెక్కే నికరం అవుతోంది. ఊళ్ళో పందెంకోడి పోయిందనుకోండి. అనుమానితులు వంద మంది, అందులో మీరొకరు, అంటే మీ మీద అనుమానం ఒక శాతం. ఆ రాత్రి పెళ్ళికి వెళ్ళినవాళ్ళనీ, నైట్ డ్యూటీలో ఉన్నవాళ్ళనీ ఒక్కొక్కళ్ళనీ వదిలేసుకుంటూ వచ్చారు, చివరికి ముప్పై రెండు మంది మిగిలారు. ఇప్పుడు మీ మీద అనుమానం 3.1 శాతం. మీరు కొత్తగా ఏ పాపం చెయ్యలేదు, కోడి వంక చూడను కూడా లేదు, అయినా మూడు రెట్లు దొంగ అయిపోయారు. మర్నాడు కోడి పక్కూరి బరిలో దొరికింది, మీరు సున్నా. వైఆర్4 విషయంలో అచ్చం ఇదే జరిగింది. రాయి వెళ్ళగలిగే దారుల పట్టీ సన్నబడేకొద్దీ అందులో భూమి వాటా పెరిగింది, ఇంకాస్త సన్నబడగానే భూమి పట్టీలోంచి బయటికొచ్చేసింది. ఫిబ్రవరి 24 నాటికి 0.004 శాతం. ఆరు రోజుల్లో ముప్పు ముగిసింది. బావగారి ప్రీమియం డ్యూ డేట్ కూడా ముగిసింది, లేట్ ఫీజుతో కట్టారు.

ఆ తర్వాత అదే రాయి చంద్రుణ్ణి గుద్దే అవకాశం 4.3 శాతం అని 2025 జూన్‌లో చెప్పారు, అంటే భూమికి చెప్పిన దానికంటే ఎక్కువే, దానికి మాత్రం ఒక్కరూ కంగారు పడలేదు. చంద్రుడి మీద మనకి ప్లాట్లు లేవు కదా. ఉన్నాయని సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించుకున్నవాళ్ళు కొందరున్నారు గానీ వాళ్ళని వదిలేద్దాం.

తర్వాత 3ఐ అట్లాస్ అనే తోకచుక్క. 2025 జూలై 1న అదే చిలీ అట్లాస్‌కి దొరికింది కాబట్టి ఆ పేరు. వేరే నక్షత్రాల దగ్గర్నుంచి మన సౌరకుటుంబంలోకి వచ్చిన వాటిల్లో మనకి తెలిసిన మూడోది, 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్, ఇప్పుడు ఇది. వయసులో సూర్యుడికంటే పెద్దది అయ్యుండొచ్చు, 700 కోట్ల ఏళ్ళు పైమాటే అని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు అంచనా కట్టారు, సూర్యుడికి 460 కోట్లే. అంత పెద్దాయన, అంత దూరం నుంచి, జన్మకోసారి వచ్చి వెళ్తుంటే మనం మర్యాదగా ఏమన్నామండీ? గూఢచారి నౌక అన్నాం. హార్వర్డ్‌లో అవీ లోబ్ అనే ప్రొఫెసర్ ఉన్నారు, ఆయన ఇది ఏలియన్ల టెక్నాలజీ కావచ్చేమో ఆలోచించండి అన్నారు. ఆయన "కావచ్చేమో" అన్నది ఇక్కడికి వచ్చేసరికి "కావచ్చు" అయింది, యూట్యూబ్‌లో "అయింది" అయింది.

దీనికి తోడు ఇంకో తమాషా. మార్స్ చుట్టూ తిరిగే నాసా వాళ్ళ ఆర్బిటర్ అక్టోబర్ 2న సుమారు 3 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి దాన్ని ఫోటో తీసింది. ఫోటో ఏదీ, ఎందుకు చూపించట్లేదు, ఏదో దాస్తున్నారు అని ప్రపంచమంతా ఒకటే గోల. అసలు సంగతి ఏంటంటే అక్టోబర్ 1 నుంచి అమెరికాలో బడ్జెట్ పాస్ కాక గవర్నమెంట్ షట్‌డౌన్ అయింది, నలభై మూడు రోజులు, నాసాలో చాలామందిని జీతం లేకుండా ఇంటికి పంపేశారు, ఫోటో రిలీజ్ చేసే నాథుడు లేడు. గవర్నమెంట్ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఇది అర్థం చేసుకోవడానికి ఏలియన్ అక్కర్లేదు, సీట్లో మనిషి లేడు, అంతే. షట్‌డౌన్ అయిపోయాక నవంబర్ 19న ప్రెస్‌మీట్ పెట్టి ఫోటోలు చూపించారు, అవి మసగ్గా చుక్కలా ఉన్నాయి, తోకచుక్కే అన్నారు. డిసెంబర్ 19న భూమికి బాగా దగ్గరగా వచ్చింది. బాగా దగ్గర అంటే 27 కోట్ల కిలోమీటర్లు, సూర్యుడికంటే దాదాపు రెట్టింపు దూరం. దీన్నే మీ వాళ్ళు "భూమికి అతి చేరువలో" అని వేశారు.

అందులో అసలు విశేషం మీ పేపర్లో ఎక్కడా కనపళ్ళేదు. మామూలుగా మన తోకచుక్కలు సూర్యుడి వేడికి ఎక్కువగా నీటి ఆవిరి వదుల్తాయి. ఇది జేమ్స్ వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోప్ చూసినప్పుడు నీటికంటే ఎనిమిది రెట్లు కార్బన్ డయాక్సైడ్ వదుల్తోంది, అంటే సోడాలో ఉండే గ్యాస్. ఎక్కడో వేరే నక్షత్రం చుట్టూ, మన దగ్గరకంటే చల్లటి చోట పుట్టి ఉండాలి, లేదా ఆ ప్రయాణంలో కోట్ల ఏళ్ళు రేడియేషన్ తిని తిని అలా మారి ఉండాలి అని వాదించుకుంటున్నారు. నాకు ఇది గూఢచారి నౌకకంటే ఎక్కువ ఆశ్చర్యం, వేరే ఇంటి వంటింట్లో ఏముందో వాళ్ళ వాకిలి దాటకుండానే తెలిసిపోతోంది.

చందమామల విషయానికొస్తే, 2024 సెప్టెంబర్ 29 నుంచి నవంబర్ 25 దాకా "ఆకాశంలో ఇద్దరు చందమామలు" అని వేశారు. మా వీధిలో పిల్లలంతా రాత్రి దాబాలెక్కి వెతుక్కున్నారు పాపం. 2024 పీటీ5 అని పది మీటర్ల రాయి అది, మామూలు కంటికి కాదు కదా ఇంట్లో ఉండే టెలిస్కోప్‌కి కూడా కనపడదు. దాంట్లో మనవాళ్ళకి పనికొచ్చే ముక్క ఒకటుంది, అలా భూమి లాంటి కక్ష్యలోనే తిరిగే రాళ్ళ గుంపుకి సైంటిస్టులు పెట్టిన పేరు అర్జున, మహాభారతంలో అర్జునుడే. ఆ ముక్క హెడ్డింగ్‌లో పెడితే ఇంకా ఎక్కువమంది చదివేవారు, పిల్లల మెడలు కూడా నొప్పెట్టేవి కావు.

శనిగారికి మాత్రం 2025 మార్చి 11న ఒక్క దెబ్బకి 128 చంద్రుల్ని ఖాయం చేశారు, మొత్తం 274. మిగతా గ్రహాల చంద్రులందర్నీ కలిపినా దానికి సగానికి అటూ ఇటూ వస్తారు. ఏలినాటి శని నడుస్తున్నవాళ్ళకి ఇది శుభమో అశుభమో మీ వారఫలాలు రాసే ఆయన్నే అడగండి, నేను మాత్రం వాటికి పేర్లు పెట్టేవాళ్ళ గురించి ఆలోచిస్తున్నా, 128 బారసాలలు.

కే2-18బి గురించి రాయకపోతే ఉత్తరం పూర్తి కాదు. 2025 ఏప్రిల్లో "గ్రహాంతర జీవం దొరికింది" అని మీరు వేసిన బ్యానర్ నేను కట్ చేసి దాచుకున్నా. 124 కాంతి సంవత్సరాల దూరంలో సింహరాశి వైపు ఉన్న గ్రహం, బరువు భూమికి ఎనిమిది రెట్ల పైన. కేంబ్రిడ్జ్‌లో పనిచేసే నిక్కు మధుసూదన్ గారు, మన దేశంలో చదువుకుని వెళ్ళినాయనే, వాళ్ళ టీమ్ జేమ్స్ వెబ్‌తో చూసి దాని గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ ఆనవాళ్ళు ఉన్నట్టున్నాయి అన్నారు. భూమ్మీద ఆ గ్యాస్ ఎక్కువగా సముద్రంలో ఉండే నాచులాంటి చిన్న జీవులు వదుల్తాయి. వాసన ఉడకబెట్టిన క్యాబేజీ వాసన. అంటే మానవజాతి ఇన్ని వేల ఏళ్ళుగా ఆకాశంలోకి చూసి చూసి, చివరికి హాస్టల్ మెస్ వాసన కోసం వెతుకుతోందన్నమాట.

ఆయన నిజంగా చెప్పింది ఏంటంటే, ఇది కాకతాళీయంగా అలా కనపడే అవకాశం 0.3 శాతం ఉంది, ఇంకా చూడాలి అని. వినడానికి 99.7 మార్కులు వచ్చినట్టే ఉంటుంది, మన ఇళ్ళల్లో అయితే స్వీట్లు పంచేస్తాం. కానీ ఆ క్లాసులో అది పాస్ మార్కు కూడా కాదు, కనిపెట్టాం అని చెప్పాలంటే దానికంటే చాలా గట్టి రుజువు, ముప్పై ఐదు లక్షల్లో ఒక వంతు అనుమానం మిగిలే దాకా రావాలి. తర్వాత ఆక్స్‌ఫర్డ్ నుంచి ఇంకొకాయన అదే డేటా తీసుకుని వేరే రకంగా లెక్క చూస్తే అందులో గ్యాసూ లేదు గీసూ లేదు, అడ్డంగా ఒక తిన్నటి గీత కూడా సరిపోతుంది అని తేల్చారు. పైగా ఆ డైమిథైల్ సల్ఫైడ్ 67పి అనే తోకచుక్క మీద కూడా ఉందని 2024లోనే బయటపడింది, అక్కడ నాచూ లేదు సముద్రమూ లేదు. మధుసూదన్ గారిని తప్పుపట్టట్లేదు, ఆయన జాగ్రత్తగానే మాట్లాడారు, ఇంకోసారి చూడాలి అనే అన్నారు, జాగ్రత్త అంతా దారిలో ఎక్కడో కారిపోయింది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టింది ఆరుద్ర. మొన్నమొన్నటిదాకా పొలం ఉన్న ప్రతి ఇంట్లో కార్తెలు తెలుసు, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు అని మా నాన్నగారు జూన్ మూడో వారం దాటగానే మొదలెట్టేవారు. ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగుని అరిచేతిలో పెట్టుకోని పిల్లాడు మా తరంలో లేడు. ఆ కార్తెకి పేరిచ్చిన నక్షత్రం గురించి 2025 జూలైలో ఇంత పెద్ద వార్త వస్తే, అదీ సరిగ్గా ఆరుద్ర కార్తె వెళ్ళిన కొద్ది రోజులకే వస్తే, మీ పేపర్లో "బెటెల్‌జ్యూస్" అని నాలుగు లైన్లు వేసి ఊరుకున్నారు. అది మన ఆరుద్రే అన్న ముక్క ఒక్కచోట కూడా లేదు. ఎవరికి అర్థమవుతుందండీ?

చలికాలం సాయంత్రం ఏడూ ఎనిమిదింటికి దాబా ఎక్కి తూర్పు వైపు చూడండి, మూడు చుక్కలు వరసగా ఉంటాయి, మా వైపు పెద్దవాళ్ళు గొర్రుకొయ్యలు అనేవాళ్ళు. వాటికి ఎడమ పక్క కాస్త ఎర్రగా, నిప్పుకణిక ఆరబోతున్నట్టు కనిపించేదే ఆరుద్ర. కార్తె నడిచేటప్పుడు మాత్రం కనపడదు, ఎందుకంటే ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా అటువైపే ఉంటాడు, అందుకే కదా అది ఆరుద్ర కార్తె. దూరం సుమారు 650 కాంతి సంవత్సరాలు, అంటే ఇవాళ మన కంట్లో పడే వెలుగు అక్కడ బయల్దేరినప్పుడు ఇక్కడ కొండవీటి రెడ్డిరాజులు ఏలుతున్నారు. అది సూర్యుడికి దాదాపు ఏడు వందల రెట్లు వెడల్పు, మన సూర్యుడి చోట దాన్ని కూర్చోబెడితే భూమి, మార్స్ రెండూ లోపలికి వెళ్ళిపోతాయి.

2019 చివర్లో అది ఉన్నట్టుండి మసకబారడం మొదలెట్టింది, 2020 ఫిబ్రవరికి మామూలు వెలుగులో సగం కూడా లేదు. అప్పుడు కూడా మీరు "పేలబోతున్న మహా నక్షత్రం" అన్నారు. అది పేలలేదు, తుమ్మింది. లోపలి సరుకు కొంత బయటికి కక్కితే అది చల్లారి దుమ్మై మనకీ దానికీ మధ్య అడ్డం పడింది, దుమ్ము సర్దుకున్నాక మళ్ళీ మామూలే. పేలడానికి ఇంకా లక్ష ఏళ్ళు పట్టొచ్చు అంటున్నారు. కానీ ఆ హడావిడితో అందరి కళ్ళూ దాని మీద పడ్డాయి. ఎప్పట్నుంచో ఒక చిక్కు ముడి ఉంది, ఆరుద్ర వెలుగు సుమారు ఆరేళ్ళకోసారి పెరిగి తగ్గుతుంది, ఎందుకో తెలీదు. పక్కన ఇంకో నక్షత్రం తిరుగుతోందేమో అని 2024లో రెండు టీములు లెక్క కట్టాయి, డిసెంబర్ 6 ప్రాంతంలో అది పక్కకి బాగా జరుగుతుంది, చూడగలిగితే అప్పుడే చూడాలి అని. హవాయిలో కొండ మీద ఉన్న జెమినీ నార్త్ టెలిస్కోప్‌తో నాసాకి చెందిన స్టీవ్ హోవెల్ టీమ్ సరిగ్గా ఆ రోజుల్లో చూసింది. గాలి కదలికకి నక్షత్రం మినుకుమంటుంది కదా, ఆ మినుకు ఆగినట్టు ఉండేంత చిన్న చిన్న క్షణాల్లో వేల ఫోటోలు తీసి అన్నీ కలిపి చూస్తే, లెక్క చెప్పిన చోటే ఒక నీలం చుక్క! సూర్యుడికి ఒకటిన్నర రెట్ల బరువు, ఆరుద్ర ముందు వెలుగులో రెండు వందల యాభయ్యో వంతు. 2020లో వాళ్ళే చూసినప్పుడు ఏమీ కనపళ్ళేదు, ఎందుకంటే లెక్క ప్రకారం అప్పుడది ఆరుద్ర ముందో వెనకో ఉండాలి.

మన పురాణం ప్రకారం దక్షుడి ఇరవై ఏడుగురు కూతుళ్ళూ చంద్రుడి భార్యలు, ఆరుద్ర వాళ్ళలో ఒకరు. ఆవిడ ఇంట్లోనే, ఇంటి బయట కూడా కాదు, ఆవిడ వాతావరణం లోపలే ఇన్నాళ్ళూ ఇంకొకళ్ళు తిరుగుతున్నారని ఇప్పుడు తెలిసింది. చంద్రుడికి ఎవరు చెప్తారో నాకు తెలీదు. కొత్తగా దొరికినవారికి సివర్హా అని పేరు కూడా పెట్టేశారు, కానీ ఇంకో పదివేల ఏళ్ళలో ఆరుద్ర దాన్ని మింగేస్తుందట. నేను మిమ్మల్ని అన్నన్ని మాటలు అని ఇక్కడ ఒక మాట దాచడం బాగుండదు. ఆ ఫోటో ఒక్కటే చూస్తే రుజువు అంత గట్టిది కాదు, వాళ్ళే ఒప్పుకున్నారు, లెక్క చెప్పిన చోట చెప్పిన సైజులో దొరికింది కాబట్టి నమ్ముతున్నారు. మళ్ళీ 2027 నవంబర్లో అది పక్కకి జరుగుతుంది, అప్పుడు ఇంకోసారి చూస్తారు. మీ క్యాలెండర్లో రాసి పెట్టుకోండి, అప్పటికైనా ఆరుద్ర అని వెయ్యండి.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే ముందు ముందు మీ పని ఇంకా కష్టం కాబోతోంది. చిలీలోనే వెరా రూబిన్ అబ్జర్వేటరీ అని కొత్తది వచ్చింది, 2025 జూన్ 23న మొదటి ఫోటోలు చూపించారు. దాని కెమెరా 3200 మెగాపిక్సెల్, బరువు 2800 కిలోలు, మా అబ్బాయి కొత్త ఫోన్ కెమెరా గురించి గొప్పలు చెప్తుంటే ఈ నంబర్ చెప్పాను, అప్పట్నుంచి మాట్లాడట్లేదు. పది గంటలు చూసిన దాంట్లోనే 2104 కొత్త గ్రహశకలాలు దొరికాయి, భూమికి దగ్గరగా వచ్చేవి ఏడే, ముప్పు ఉన్నది ఒక్కటీ లేదు. ఇప్పుడు అది పదేళ్ళ పాటు రాత్రి రాత్రికీ ఆకాశాన్ని ఫోటోలు తీస్తూనే ఉంటుంది. లక్షల్లో రాళ్ళు దొరుకుతాయి. వాటిల్లో కొన్నింటికి మొదట్లో ఒక శాతం, అర శాతం అని వస్తూనే ఉంటాయి, పందెంకోడి లెక్కన తర్వాత సున్నా అవుతూనే ఉంటాయి. అన్నింటికీ మంటల బొమ్మ వేస్తే మీ ఆర్టిస్ట్‌కి ఎర్ర రంగు చాలదండి. వారానికోసారి ఆరంగుళాల జాగా ఇచ్చి "ఆ రాయి ఏమైంది" అని పెట్టండి, పోయిన వారం భయపెట్టినవన్నీ ఈ వారం ఎక్కడికొచ్చాయో వెయ్యండి, క్రికెట్ స్కోరు లాగా అంకెలు వేస్తే చాలు.

ఒక్క తేదీ మాత్రం ఇప్పట్నుంచే పెద్ద బొమ్మకి రిజర్వ్ చెయ్యండి, 2029 ఏప్రిల్ 13, శుక్రవారం. అపోఫిస్ అనే రాయి, మూడు వందల మీటర్ల పైనే ఉంటుంది, భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వెళ్తుంది, మన టీవీ శాటిలైట్లు ఉండే ఎత్తుకంటే కిందనుంచి. 2004లో దీనికి కూడా 2.7 శాతం అని వచ్చింది, తర్వాత సున్నా అయింది, 2021లో నాసా వాళ్ళు రాడార్‌తో కొలిచి కనీసం వందేళ్ళ దాకా ఢోకా లేదని రాసిచ్చారు. అంత పెద్ద రాయి అంత దగ్గరగా వెళ్తుంటే ఏ టెలిస్కోపూ లేకుండా మామూలు కళ్ళతో చూడగలగడం మన జీవితంలో మళ్ళీ రాదు. మనకి గడియారం ప్రకారం అది బాగా దగ్గరికొచ్చేది శుక్రవారం రాత్రి దాటి తెల్లవారుజామున మూడు గంటల తర్వాత. దానికి ముందు సాయంత్రం నుంచి మన దగ్గర ఏ వేళకి ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉంటుందో హైదరాబాద్ ప్లానిటోరియం వాళ్ళని ముందే అడిగి ఊరూరికీ టైమింగ్స్ వెయ్యండి, రోజూ సూర్యోదయం సూర్యాస్తమయం వేస్తారు చూడండి, ఆ గళ్ళ పక్కనే.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
తణుకు